ధ్యానంలో వచ్చే శూన్యం ఆత్మేనా? అసలు ‘నేను’ను విచారించే పద్ధతి

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినవారు విశాఖ గాజువాకలో ఉంటారు, స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. కొంతకాలంగా రోజూ ధ్యానానికి కూర్చుంటున్నారు. ఒక్కోసారి కనుబొమల మధ్య వెలుగు, ఒక్కోసారి ఏమీ లేని శూన్యం. “సింహాద్రి అప్పన్నకు చందనం ఒలిచినట్టు మనసును ఒలిస్తే నా నిజరూపం కనబడుతుందా? ఈ శూన్యమే ఆత్మా? మన విశాఖ పక్కన తొట్లకొండ మీద ఉన్న బౌద్ధులు ఆత్మే లేదన్నారు కదా, ఎవరి మాట పట్టుకోవాలి?” అన్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ శూన్యం ఆత్మ కాదు, ఆ వెలుగూ కాదు. రెండూ వచ్చాయి, కాసేపు ఉన్నాయి, పోయాయి. వచ్చినట్టూ పోయినట్టూ మీకు తెలిసింది. అలా తెలిసినవాడు వాటితో పాటు పోలేదు కాబట్టే ఇవాళ ఈ ప్రశ్న అడగగలిగారు. ఇన్నాళ్లూ మీరు వచ్చిపోయేవాటిలో ఏది ఆత్మ అని ఏరుతున్నారు. ఇంకా మంచి అనుభవం వస్తుందేమో, అదే అసలైనదేమో అని ఎదురుచూస్తున్నారు. ఎంత గొప్ప అనుభవం వచ్చినా దానికీ ఇదే గతి పడుతుంది.

అప్పన్న చందనం పోలిక విశాఖవాళ్లకు సహజంగానే తడుతుంది. వైశాఖ శుద్ధ తదియ నాడు చందనం ఒలుస్తారు, స్వామి నిజరూపం కనబడుతుంది, ఆ తర్వాత మళ్లీ నాలుగు విడతల్లో మూడేసి మణుగుల చొప్పున పూస్తారు. పూత వేరు, లోపలి మూర్తి వేరు అన్నంత వరకూ పోలిక బాగానే పనిచేస్తుంది. అక్కడితో ఆపేయాలి. ఎందుకంటే కొండ మీద దర్శనంలో ఇద్దరున్నారు, క్యూలో నిలబడి చూసే భక్తుడు, ఎదురుగా స్వామి. ఆత్మవిచారంలో విచారించేది ఆ క్యూలో నిలబడ్డవాడి గురించే. వాణ్ణి ఎదురుగా నిలబెట్టి చూడ్డం కుదరదు. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు భార్య మైత్రేయితో అన్నది ఇదే: “విజ్ఞాతారమరే కేన విజానీయాత్” – అన్నిటినీ తెలుసుకునేవాణ్ణి దేనితో తెలుసుకుంటావు? కాబట్టి ‘ఎప్పుడు కనబడుతుంది’ అన్న ఎదురుచూపును మొదట వదలాలి. ఆ ఎదురుచూపు ఉన్నంతకాలం మనసు ఏదో ఒకటి తయారుచేసి చూపిస్తూనే ఉంటుంది.

వేదాంతం చేతికిచ్చే మొదటి పనిముట్టు దృక్-దృశ్య వివేకం, అంటే చూసేదాన్నీ చూడబడేదాన్నీ (దృశ్యాన్నీ) వేరుచేసి చూడటం. రూపాన్ని కన్ను చూస్తుంది. కన్ను మసకబారిందని మనసుకు తెలుస్తుంది కాబట్టి కన్ను కూడా దృశ్యం. మనసు చిరాగ్గా ఉందనో, తేలిగ్గా ఉందనో తెలుస్తుంది కాబట్టి మనసూ దృశ్యమే. మనసు తెలిసేది సాక్షికి. ఆ సాక్షిని చూసే మరొకటి లేదు. చదివితే అరనిమిషంలో అర్థమవుతుంది, కూర్చున్నప్పుడు మాత్రం నిలవదు. ఎందుకు నిలవదో మోకాలి నొప్పిలో స్పష్టంగా చూడొచ్చు.

కూర్చున్న పది పన్నెండు నిమిషాలకు మోకాలి దగ్గర సలుపు మొదలవుతుంది. మొదట ఉన్నది సలుపే: కాస్త వేడి, బిగువు, పోటు. మరుక్షణం ‘నా మోకాలు’ అన్న భావం దానికి అతుక్కుంటుంది. వెంటనే ‘నాకు నొప్పిగా ఉంది’. ఆ తర్వాత ‘నేను కూర్చోలేకపోతున్నాను’. ఆ తర్వాత ‘నాకు ధ్యానం అబ్బదు’. అయిదారు సెకన్లలో ఒక సలుపు మనిషి జాతకమంత అయిపోయింది. సలుపు మాత్రం ఇంకా మోకాలి దగ్గరే ఉంది, ఎక్కడికీ కదల్లేదు. ‘నేను’ ఏ మెట్టు దగ్గర వచ్చి చేరిందో పట్టుకోవడం సాధన. నొప్పిని పళ్లబిగువున ఓర్చుకోవడం సాధన కాదు. పోటు ఎక్కువైతే కాలు చాపండి, కుర్చీలో కూర్చోండి, ఏ దోషమూ లేదు.

ఈ చేరికలు ఎక్కడెక్కడ జరుగుతాయో తైత్తిరీయోపనిషత్తు అయిదు కోశాలుగా, అంటే పొరలుగా, విడదీసింది. అన్నమయం శరీరం: ‘నేను లావయ్యాను’, ‘నేను నల్లగా ఉన్నాను’ అన్నప్పుడు ‘నేను’ అక్కడ ఉంది. ప్రాణమయం ఆకలి, దాహం, నీరసం: ‘నేను అలిసిపోయాను’. మనోమయం సంకల్పాలు, సందేహాలు, బాధలు: ‘నేను నొచ్చుకున్నాను’. విజ్ఞానమయం నిశ్చయించేది, పని చేశానని అనుకునేది: ‘నేను నిర్ణయించాను, నేను చేశాను’. ఆనందమయం ఇష్టమైనది దొరికినప్పుడూ గాఢనిద్రలోనూ ఉండే హాయి: ‘నేను సుఖంగా ఉన్నాను’. అదే ఉపనిషత్తులో భృగువు తండ్రి వరుణుడి దగ్గరికి వెళ్లి బ్రహ్మాన్ని చెప్పమంటే, ఆయన ఒక లక్షణం చెప్పి, తపస్సుతో తెలుసుకోమని పంపుతాడు. భృగువు అన్నమే బ్రహ్మమని తేల్చుకుంటాడు, మళ్లీ వస్తాడు. తండ్రి మళ్లీ తపస్సుకే పంపుతాడు. ప్రాణం, మనసు, విజ్ఞానం, ఆనందం వరకూ అలాగే నడుస్తుంది. ఏ మెట్టునూ తిట్టి పక్కన పెట్టలేదు, దాటించాడంతే. శరీరాన్ని అసహ్యించుకుంటూ ‘నేను దేహం కాదు’ అనేవాళ్లు ఇది గమనించాలి. అసహ్యం కూడా దేహాన్ని గట్టిగా పట్టుకునే పద్ధతే.

మొదటి రెండు కోశాల్లో పెద్దగా చిక్కు ఉండదు. చాలామంది ఆగిపోయేది విజ్ఞానమయం దగ్గర. శరీరం నేను కాదు, ఆలోచన నేను కాదు అని వేరు చేసుకుంటూ వచ్చిన సాధకుడు ‘వీటన్నిటినీ వేరుచేస్తున్నవాణ్ణి నేనే’ అన్న చోట స్థిరపడిపోతాడు. ఆ ‘వేరుచేస్తున్నవాడు’ బుద్ధి, అది కోశమే. ‘సాక్షిగా ఉన్నాను, గమనిస్తున్నాను, ఇవాళ బాగా గమనించాను’ అనుకునేది సాక్షి కాదు, గమనించడం అనే పని పెట్టుకున్న మనసు. దీన్ని గుర్తుపట్టడానికి మూడు పరీక్షలున్నాయి. ఆ గమనించేవాడు అలసిపోతున్నాడా? మొదలై ఆగుతున్నాడా? ఎవరైనా మెచ్చుకుంటే పొంగుతున్నాడా? మూడిట్లో ఏ ఒక్కదానికి అవునన్నా, ఆ గమనించేవాడూ దృశ్యమే. వాణ్ణి తోసేయాలని చూడకండి, తోసేసేది కూడా వాడే. వాడు కూడా తెలుస్తున్నాడని ఊరుకోవడమే చాలు. నా అభిప్రాయంలో పుస్తకాలు బాగా చదివిన సాధకులు ఏళ్ల తరబడి పోగొట్టుకునేది ఈ ఒక్క చోటే.

ఇక కూర్చునే పద్ధతి. ఇరవై అయిదు నిమిషాలు చాలు. భోజనం చేసి మూడు గంటలైనా గడవాలి. పప్పన్నం తిని కూర్చుంటే వచ్చే శూన్యానికి ఆత్మతో సంబంధం లేదు. వెన్ను నిటారుగా, గడ్డం కాస్త లోపలికి. గడ్డం పైకి లేస్తే ఊహలు, మరీ కిందికి వాలితే నిద్ర. మన ఉక్కపోతలో తలుపులన్నీ బిగించుకుని కూర్చోవద్దు, ఫ్యాను తిరగనివ్వండి, గాలి ఆడనివ్వండి.

మొదటి అయిదు నిమిషాలు ఊపిరి రాకపోకల మీద ఉండండి. దాన్ని పొడిగించడం, బిగబట్టడం వద్దు. తర్వాత ఒకటి రెండు నిమిషాలు చెవికి వినబడేవి వినండి: పక్కింటి కుక్కరు విజిల్, రోడ్డు మీద ఆటో. శబ్దాలు మారుతున్నాయి, వినికిడి తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత అసలు పని. ఒక ఆలోచన లేచేదాకా ఆగండి, ఎలాగూ లేస్తుంది. లేచాక దాని వెంట పోకుండా ‘ఇది ఎవరికి?’ అని లోపల ఒక్కసారి అడగండి. ‘నాకు’ అన్న స్ఫురణ వస్తుంది. ‘ఈ నేను ఎవరు?’ అని అడిగి ఊరుకోండి. ఆ ప్రశ్నకు మాటల్లో ఏ జవాబు వచ్చినా, ‘నేను ఆత్మను’ అన్నా, ‘సచ్చిదానందాన్ని’ అన్నా, అది మరో ఆలోచన కింద లెక్క. దానికీ అదే ప్రశ్న వేయాలి. అడిగాక ఒకటి రెండు క్షణాలు ‘ఉన్నాను’ అన్న ఎరుక తప్ప మరేమీ ఉండదు. అక్కడ ఉండాలి. జారిపోతే మళ్లీ అడగాలి.

ఇది రమణ మహర్షి చెప్పిన విచార మార్గం, ‘నేనెవరు’ అన్న చిన్న పుస్తకంలో ఈ క్రమం ఉంది. 1896లో తమిళనాడు మదురైలో మరణభయం కలిగినప్పుడు ఆయన చేసిన విచారణకు మూలం కూడా ఇదే: ఈ శరీరం పోతే నేను పోతానా? దీన్ని చాలామంది పాడుచేసే పద్ధతి ఒకటుంది. ‘నేనెవరు, నేనెవరు’ అని జపంలా తిప్పడం. అలా తిప్పితే నాలుకకు పని పెరుగుతుంది, చూపు లోపలికి తిరగదు. ఒక కూర్చోడంలో అయిదారుసార్లు అడిగితే ఎక్కువ. మిగతాదంతా అడిగాక వచ్చే నిశ్శబ్దంలో ఉండటమే. రెండో పొరపాటు, ‘నేను’ ఛాతీలో ఉందా తలలో ఉందా అని చోటు వెతకడం. ఏ చోటు తోచినా, ఆ చోటు తెలుస్తోంది కదా.

మంత్రం ఉన్నవాళ్లు మానక్కర్లేదు. బొబ్బిలి దగ్గరి కలువరాయిలో 1878లో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని ఎన్నో మంత్రాలు జపించి, ఎంతో తపస్సు చేసి, అసలు తపస్సు అంటే ఏమిటో తెలియడం లేదని 1907 నవంబరులో అరుణాచలంలో రమణుల కాళ్లు పట్టుకున్నారు. ఆయనకు దొరికిన జవాబులో రెండు భాగాలున్నాయి. నేను నేను అనేది ఎక్కడి నుంచి వస్తోందో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు. మంత్రం జపిస్తే ఆ మంత్రధ్వని ఎక్కడి నుంచి వస్తోందో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదీ తపస్సే. అప్పటిదాకా బ్రాహ్మణస్వామి అని పిలుస్తున్న ఆయనకు భగవాన్ రమణ మహర్షి అన్న పేరు పెట్టింది మన ఉత్తరాంధ్రలో పుట్టిన ఈ మునే. మీకు నరసింహ మంత్రం ఉంటే, పది నిమిషాలు మెల్లగా జపించి, ఆ తర్వాత ఒక్కో ఆవృత్తికీ మధ్య ఖాళీ పెంచుతూ, ధ్వని లేచే ముందు ఏముందో చూడండి.

ఇప్పుడు మీ శూన్యం దగ్గరికి వద్దాం. ధ్యానంలో వచ్చే అడ్డంకులు నాలుగు: లయం, విక్షేపం, కషాయం, రసాస్వాదం. “లయే సంబోధయేచ్చిత్తం విక్షిప్తం శమయేత్ పునః” అని అద్వైతాచార్యులు గౌడపాదులు మాండూక్య కారికలో మందు కూడా చెప్పారు. మనసు లయంలో, అంటే నిద్రలాంటి మగతలో, పడితే లేపు, చెదిరితే శాంతపరచు. మీరు రాసిన శూన్యం నాకు లయంలాగే కనిపిస్తోంది. తేల్చుకోవడం కష్టం కాదు. ఆ శూన్యం నుంచి బయటికి వచ్చినప్పుడు తల కిందికి వాలి ఉందా? ఎంతసేపు గడిచిందో తెలియలేదా? తల బరువుగా, మాట్లాడాలనిపించనట్టుగా ఉందా? వీటిలో రెండు ఉన్నా అది కూర్చుని తీసిన కునుకే, దానికి వేదాంతపు పేరు పెట్టాల్సిన పనిలేదు. కళ్లు సగం తెరిచి కూర్చోండి, ముఖం కడుక్కోండి, అయినా వాలిపోతుంటే లేచి అయిదు నిమిషాలు నడవండి. కూర్చునే సమయం పెంచితే లయం ఇంకా పెరుగుతుంది, తగ్గించాలి.

అలా కాక, మెలకువగానే ఉండి, ఆలోచనలు మాత్రం లేక, లేచాక మనసు తేటగా ఉంటే అది మంచి స్థితే. అక్కడా ‘ఈ ఖాళీ ఎవరికి తెలుస్తోంది’ అన్న ఒక్క ప్రశ్న వేయాలి, లేదంటే ఆ హాయి దగ్గరే కూలబడతారు. దాని పేరు రసాస్వాదం. “నాస్వాదయేత్ సుఖం తత్ర” – అక్కడి సుఖాన్ని రుచి చూస్తూ ఉండిపోవద్దు – అని గౌడపాదులు హెచ్చరించింది అందుకే. నిన్నటి హాయి ఇవాళ రాకపోతే మీకు నిరుత్సాహంగా ఉంటోందంటే రసాస్వాదం మొదలైనట్టే. విక్షేపం అందరికీ తెలిసిందే, దానికి గీత ఆరో అధ్యాయంలోని మాట చాలు, ఎటు పోతే అటు నుంచి మెల్లగా వెనక్కి తేవడం. కషాయం గుర్తించడం కష్టం. నిద్ర రాదు, ఆలోచనలూ పెద్దగా ఉండవు, అయినా మనసు మొద్దుబారి ఒకచోట ఇరుక్కుపోతుంది. కింద ఏదో తీరని రాగమో, పాత కక్షో ఉంటుంది. దాన్ని ధ్యానంతో నొక్కకండి. ఎవరితో మాట్లాడాలో వారితో మాట్లాడండి, ఇవ్వాల్సిన డబ్బు ఉంటే ఇచ్చేయండి, ఆ తర్వాత కూర్చోండి. కషాయం చాలావరకు ఆసనం బయటే కరుగుతుంది.

తొట్లకొండ సంగతి. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండల మీద రెండు వేల ఏళ్ల కింద భిక్షువులు కూర్చుని చేసిన పరిశీలన మీ సాధనకు శత్రువు కాదు. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే అయిదు స్కంధాల్లో, అంటే మనిషి అనుకునేదాన్ని విడదీసిన అయిదు భాగాల్లో, దేన్ని చూసినా ‘ఇది నాది కాదు, ఇది నేను కాదు, ఇది నా ఆత్మ కాదు’ అని వాళ్లు చూశారు. కోశ విచారణలో మీరు చేసేదీ అదే. తేడా ఆ తర్వాత వస్తుంది. అన్నీ తీసేశాక, తీసేయలేని ఎరుక ఉందని అద్వైతం అంటుంది. దాన్ని కూడా ‘నాది’ అని పట్టుకోవద్దని బౌద్ధం అంటుంది. అన్నీ తీసేసే పని సగం కూడా కాకముందే చివరి మెట్టు గురించి వాదించుకోవడం వల్ల సాధనకు ఒరిగేదేమీ లేదు.

శ్రీవైష్ణవులది మరో మాట, అప్పన్న భక్తులు అది తెలుసుకుని ఉండాలి. రామానుజుల మతంలో ‘నేను’ అని స్ఫురించేది తీసేయాల్సిన భ్రమ కాదు, అదే జీవాత్మ, మోక్షంలోనూ ఉంటుంది. దేహాన్ని నేననుకోవడం, ఈశ్వరుడి సొత్తునైన నన్ను స్వతంత్రుణ్ణనుకోవడం, ఈ రెండే పొరపాట్లు. ఆ దారిలో ‘నేనెవరు’ అన్నదానికి ముగింపు శేషత్వం: నేను ఆయనవాణ్ణి. ఉదయం అద్వైతం, సాయంత్రం విశిష్టాద్వైతం అని కలపకండి. కోశాల వరకూ విడదీసే పని రెండిటికీ పనికొస్తుంది. ఆ పైన మీ స్వభావం ఎటు మొగ్గితే అటు, ఆ సంప్రదాయంలో చదువుకున్న గురువు దగ్గర కూర్చోండి. గురువును ఎంచుకునేటప్పుడు మీకొచ్చిన వెలుగును మెచ్చుకున్నాడా, దాన్ని దాటమన్నాడా చూడండి. మెచ్చుకుని రుసుము పెంచేవాడి దగ్గర ఆగవద్దు.

మీకు షిఫ్టు ఉద్యోగం కాబట్టి నిద్ర గురించి మామూలు కంటే వివరంగా చెప్పాలి. గాఢనిద్రలో శరీరం గుర్తు లేదు, పేరు లేదు, ఉద్యోగం లేదు, అయినా లేచాక ‘హాయిగా పడుకున్నాను, ఏమీ తెలియలేదు’ అంటాం. ఏమీ తెలియకపోవడం కూడా ఎలాగో తెలిస్తేనే ఆ మాట అనగలం అని అద్వైతుల వాదం. అది లేచాక చేసిన ఊహే అని నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు, ఎదురు చెప్పారు. ఆ తగువు శాస్త్రానికి వదిలేసి, లేచే క్షణాన్ని వాడుకోండి. మెలకువ వచ్చాక ‘ఇవాళ ఏ షిఫ్టు’ అన్న ఆలోచన రావడానికి ముందు రెండు మూడు క్షణాలు ‘ఉన్నాను’ అన్నది మాత్రమే ఉంటుంది, ఫలానావాణ్ణి అన్నది ఇంకా చేరదు. చేరడం కూడా చూడొచ్చు: ముందు గది, తర్వాత వారం, తర్వాత పేరు, తర్వాత చేయాల్సిన పనులు. ఫోను మంచం పక్కన ఉంటే ఇది దొరకదు. అలారం కావాలంటే విడిగా గడియారం కొనుక్కోండి.

ఉద్యోగంలో, రోడ్డు మీద కూడా ఇదే పని. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఎవరో బండి అడ్డం పెట్టి ఒక మాట అన్నాడనుకోండి. మాట చెవిన పడింది, ముఖం వేడెక్కింది, ‘నన్ను అన్నాడు’ అన్నది లేచింది. ఆ ‘నన్ను’ దేన్ని చూపిస్తోంది? బండిని తోలే తీరునా, వయసునా, కులాన్నా, ఉద్యోగాన్నా? దేనికి తగిలిందో తెలిస్తే మీ ‘నేను’ ఏ కోశంలో ఎక్కువగా కాపురం ఉంటోందో తెలుస్తుంది. ఆసనం మీద ఇంత స్పష్టంగా దొరకదు. కానీ ‘నేను సాక్షిని, నాకు కోపం లేదు’ అని ఇంట్లో మాట్లాడకుండా బిగుసుకుపోవడం, పిల్లల ఫీజు గుర్తుచేస్తే ‘అంతా మిథ్య’ అనడం సాధన కాదు. మిథ్య అన్నమాట బాధ్యత నుంచి తప్పించుకోడానికి వాడితే ఇంట్లోవాళ్లకు కష్టం, మీకు కషాయం.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. విచారణలో ‘నేను’ పట్టు సడలినప్పుడు మనసు తేలికపడుతుంది, పనులు మామూలుగా జరుగుతాయి. అలా కాక, అద్దంలో ముఖం పరాయిదిగా అనిపించడం, లోకమంతా అబద్ధంలా తోచి భయం పట్టుకోవడం, వరుసగా రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, ఎవరో లోపల మాట్లాడుతున్నట్టు వినబడటం ఉంటే, అది జ్ఞానం కాదు. కూర్చోవడం ఆపేసి డాక్టరుకు చూపించుకోండి. మన వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, వెళ్లడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు. ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లు ధ్యానం కోసం వాటిని ఆపకూడదు.

మీ వారానికి సరిపడే క్రమం ఇది. ఉదయం షిఫ్టు వారంలో సాయంత్రం స్నానం చేసి, టిఫిను తినకముందు ఇరవై అయిదు నిమిషాలు. మధ్యాహ్నం షిఫ్టు వారంలో ఉదయం లేవగానే. నైట్ షిఫ్టు వారంలో ఇంటికి రాగానే కూర్చోవద్దు, మీ శూన్యం ఎక్కువగా ఆ వారాల్లోనే వస్తోందేమో చూసుకోండి. ముందు ఆరు గంటలైనా పడుకుని, లేచాక పదిహేను నిమిషాలు చాలు, అదీ కళ్లు సగం తెరిచి. మూడు షిఫ్టుల వారాలూ ఇలా చేసి, ప్రతిసారీ లేచాక తల తేలిగ్గా ఉందా బరువుగా ఉందా అన్న ఒక్క ముక్క క్యాలెండరు మీద రాసుకోండి. వెలుగు వచ్చిందా రాలేదా రాయొద్దు. నైట్ షిఫ్టు వారంలో బరువు, మిగతా వారాల్లో తేలిక అని వస్తే మీ శూన్యం నిద్రలేమిదే. అన్ని వారాల్లోనూ తేలిగ్గానే ఉంటే ఊపిరి మీద పెట్టే అయిదు నిమిషాలను రెండుకు తగ్గించి, నేరుగా విచారణలోకి వెళ్లండి.